శౌరి చెవులు, విన్సెంటు డబ్బా

శౌరన్నయ్య చెవులు భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో పోయాయి. అక్కడొక చిన్న షెడ్డులో ఎర్రగా కాల్చిన ఇనుము మీద పెద్ద సుత్తి మిషను పడుతూ ఉంటుంది. ఆ మిషను పక్కన ఇరవై తొమ్మిదేళ్లు నిలబడ్డాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాడు. దూది ఏం ఆపుతుంది. మొదట పిచ్చుకల చప్పుడు పోయిందట, తరవాత కుక్కరు విజిలు, ఆ తరవాత ఆడవాళ్ల మాటలు.

"ఆడోళ్ల మాటలు ఇనపడకపోడం దేవుడి దయ," అని మా ఖుర్సీపార్ బస్తీ మగవాళ్లు ఎగతాళి చేసేవారు. ఆయన కూడా నవ్వేవాడు. ఏమన్నారో తెలియకపోయినా నవ్వేవాడు. అందరూ నవ్వుతున్నప్పుడు తనొక్కడూ ఊరుకుంటే బాగుండదని.

కుడి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెబితే మాట అందేది. కానీ పాట విషయం వేరు. మా తెలుగు పూజలో పాట ఎత్తుకునేది ఆయనే. పాలకొండ నుంచి వచ్చిన వాళ్ల నాన్న ఇక్కడ జపాలు, పాటలు నేర్పే ఉపదేశిగా ఉండేవాడు. పద్నాలుగో ఏట నుంచి శౌరన్నయ్య నాన్న పక్కన నిలబడి పాడాడు. నాన్న పోయాక ముందు వరసలో తను నిలబడ్డాడు. గుడ్‌ఫ్రైడే నాడు సిలువ మార్గం అయ్యాక మరియమ్మ శోకం అని ఒక పాట ఉంది. వాళ్ల నాన్న నేర్పినది. చచ్చిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకుని తల్లి ఏడ్చే పాట. చర్చి హాల్లో అందరూ మోకాళ్ల మీద ఉంటారు, ఒక్క గొంతే పాడుతుంది. ఏడాదికొకసారి ఆ పాట పాడటానికే శౌరన్నయ్య మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు సుత్తి పక్కన నిలబడ్డాడని నేను అనుకుంటాను.

చెవులు పోయినా పాట ఎలా నిలిచిందంటే, చేత్తో వినేవాడు. హార్మోనియం మూత మీద ఎడమ అరచెయ్యి ఆనించేవాడు. చెక్క వణుకుతుంది కదా, ఆ వణుకుడు బట్టి స్వరం పట్టేసేవాడు. నేను ఆడవాళ్ల వరసలో నిలబడి ఎన్నేళ్లు చూశానో. ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండేళ్ల కింద హార్మోనియం పక్కన పెట్టి కీబోర్డు తెచ్చారు. వాయించేది విన్సెంటన్నయ్య కొడుకు ఇమ్మాను. ప్లాస్టిక్కు మీద చెయ్యి ఆనిస్తే ఏం తెలుస్తుంది. చప్పుడంతా ఎక్కడో గోడకు తగిలించిన స్పీకర్లలో వస్తుంది. మొదటి ఆదివారమే శౌరన్నయ్య ఒక స్వరం పైన ఎత్తుకున్నాడు. కీబోర్డు ఒక దారి, ఆయన ఒక దారి. ఆడవాళ్లం పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నాం. నేను కూడా.

ఇక్కడ విన్సెంటన్నయ్య గురించి చెప్పాలి. భిలాయిలో కొత్త తెలుగువాడు ఎవడు కలిసినా ముందు అడిగేది ఒక్కటే: ప్లాంటా, ప్రైవేటా అని. స్టీలు ప్లాంటు అంటే కుర్చీ వేస్తారు. ప్రైవేటు అంటే, ఓహో అని ఊరుకుంటారు. విన్సెంటన్నయ్య ప్లాంటులో మీటర్లు, రిపేర్లు చూసి రిటైరయ్యాడు. ప్లాంటు కాలనీ సెక్టారులో లీజు క్వార్టరు. మా సంఘంలో మిక్సీ పాడైనా, పెళ్లి సంబంధం కుదిరినా ఆయన మాటే. శౌరన్నయ్య ప్రైవేటు. మేమూ ప్రైవేటే. నేను నాలుగిళ్లలో వంట చేస్తాను. భార్య పోయాక విన్సెంటన్నయ్య ఇంట్లో కూడా వారానికి మూడు రోజులు నేనే వండుతాను.

ఆ విన్సెంటన్నయ్యే ఒక ఉపాయం చెప్పాడు. కీబోర్డు నుంచి ఒక వైరు తీసి, మధ్యలో శబ్దం పెంచే చిన్న డబ్బా పెట్టి, శౌరి చెవులకు హెడ్‌ఫోన్ తగిలిస్తే సరి. డబ్బా తను చేసిస్తాడు, హెడ్‌ఫోన్ వాళ్లు కొనుక్కోవాలి. శౌరన్నయ్య భార్య వెరోనికా వదిన నర్సింగ్ హోములో ఆయా. సుపేలా బజారుకు వెళ్లి మంచిదే కొనుక్కొచ్చింది, చెవులు మొత్తం మూసేంత పెద్దది.

డబ్బా తగిలించిన రోజు అందరం హాల్లోనే ఉన్నాం. వెరోనికా వదిన అడిగింది.

"అన్నయ్యగారూ, ఈ డబ్బా జోరుకి హెడ్‌ఫోన్ కాలిపోదు గదా? ఆంప్లిఫైరు పెడితే మా గ్యారంటీ నేదని షాపోడన్నాడు."

"షాపోడికేటి తెలుసు వెరోనికా," అన్నాడు విన్సెంటన్నయ్య. "ముప్పై రెండేళ్లు ప్లాంటులో కరెంటుతో కాపరం సేసినోణ్ణి. నా సేతి డబ్బా హెడ్‌ఫోన్‌ని పాడుసేయదు. ఎప్పుడైనా శబ్దం పాడైందంటే, అది మీ ఆయన సెవులు పాడైనట్టు లెక్క."

అందరూ నవ్వారు. ప్లాంటు మనిషి అన్న మాట కదా, నవ్వుతూ అన్నా శాసనమే.

ఇమ్మాను ఒక మెట్టు నొక్కాడు. శౌరన్నయ్య కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా ఆ స్వరమే గొంతులోంచి తీశాడు.

"ఇంకోటి నొక్కు బాబూ."

ఇంకోటి నొక్కాడు. ఇంకోటి. అలా ఇరవై దాకా నొక్కించాడు.

"బాబాయ్, బస్ కరో. నా వేలు అరిగిపోతంది," అన్నాడు ఇమ్మాను.

శౌరన్నయ్యకు వినపడలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు.

క్రిస్మసు పాటలన్నీ ఆయనే ఎత్తుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు. విన్సెంటన్నయ్య ప్రతివారం తన డబ్బా వైపు చూపించి వచ్చినవాళ్లకు చెప్పుకునేవాడు. డబ్బా, హెడ్‌ఫోన్ హాలు బీరువాలోనే ఉండాలని, ఇంటికి తీసుకెళ్తే పాడుచేస్తారని తాళం తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం వచ్చింది. రెండో వారం ప్రాక్టీసులో శౌరన్నయ్య హెడ్‌ఫోన్ తీసి ఎడమ చెవి రుద్దుకున్నాడు.

"అన్నయ్యా, ఈ పక్క ఎచ్చగుంటంది."

"బాబాయ్, బీపీ చెక్ కరాలో," అన్నాడు ఇమ్మాను.

"కొలిమి కాడ ఇరవై తొమ్మిదేళ్లున్నోడికి ఎచ్చదనం కొత్తేటి," అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. విన్సెంటన్నయ్య మాత్రం నవ్వలేదు. డబ్బా వైపు ఒకసారి చూసి, వాచీ చూసుకున్నాడు.

తరవాతి వారం శబ్దం మారిపోయిందట. కంకర మీద పార గీసినట్టు ఉందని చెప్పాడు. ఒక మెట్టు నొక్కితే నాలుగు మెట్లు కలిపి అరిచినట్టు. ఆ కంకరలోంచి స్వరం ఏరుకుని పాడబోతే పాట వంకరపోయింది. ఆ వారం రెండుసార్లు, మరుసటి వారం ప్రతి పాటా.

ఎవరైనా ఒక్కసారి ఆ హెడ్‌ఫోన్ తమ చెవికి పెట్టుకుని ఉంటే చాలు, కథ అక్కడితో అయిపోయేది. ఎవరూ పెట్టుకోలేదు. పదేళ్ల కింద శౌరన్నయ్యకు చెవిలో చీము కారేది. ఎప్పుడో తగ్గిపోయింది. కానీ మనుషులకు అది ఎప్పుడూ కారుతున్నట్టే. ఆయన చెవి తాకిన వస్తువు అంటే చేత్తో పట్టుకోవడానికి కూడా వెనకాడేవాళ్లు. వైరు కొస పట్టుకుని ఎలుకను తోకతో ఎత్తినట్టు ఎత్తేవాళ్లు.

వెరోనికా వదిన అయితే పెట్టుకునేది. ఆవిడకు ఆయన చెప్పలేదు. ఆవిడ కొన్న వస్తువు, బాగాలేదంటే బాధపడుతుందని. ఆవిడకు ఆదివారాలు డ్యూటీ, హాలుకు వచ్చేదే తక్కువ.

ఇమ్మానుకు సొంత హెడ్‌ఫోన్ ఉంది. శౌరన్నయ్య దాన్ని చూపించి అడిగాడు.

"బాబూ, నీది ఒక్కసారి ఇస్తావేటి. ఒక్క నిమిషం. హెడ్‌ఫోన్‌దే తేడానా, సెవిదే తేడానా అని సూసుకుంటాను."

"సారీ బాబాయ్. యే చీజ్ షేర్ నహీ కర్తే. ఇన్ఫెక్షన్ వస్తది."

"తుడిసి ఇచ్చేస్తాను బాబూ."

ఇమ్మాను చెయ్యి అడ్డంగా ఊపి, హెడ్‌ఫోన్ తన మెడలో వేసుకున్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా ఫోను చెవి వైర్లు నా పర్సులోనే ఉన్నాయి. తియ్యలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం విన్సెంటన్నయ్య ఇంట్లో వంటకు వెళ్లాను. వరండాలో బల్ల మీద శౌరన్నయ్య హెడ్‌ఫోన్, డబ్బా ఉన్నాయి. విన్సెంటన్నయ్య దూదితో స్పిరిటు అద్ది హెడ్‌ఫోన్ బాగా తుడిచాడు. తన ఫోనుకు తగిలించి చెవులకు పెట్టుకున్నాడు. వెంటనే తీసేశాడు. డబ్బా మూత విప్పి, లోపల మీటరు పుల్లలు పెట్టి చూశాడు. తరవాత చిన్న గొట్టం లాంటిది ఒకటి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. దాని నెత్తి ఉబ్బి ఉంది.

"అదేటి అన్నయ్యా?" అని అడిగాను.

"కెపాసిటరు. కరెంటు అటు పోకుండా ఆపి, పాట ఒక్కదాన్నే ఒగ్గాలిది. పాత టేపురికార్డరు లోంచి పీకి ఏసినాను. అప్పుడు బాగానే ఉంది." దాన్ని గోటితో దొర్లించాడు. "కరెంటు ఆపడం మానేసింది. తిన్నగా హెడ్‌ఫోన్ లోకి ఎల్లిపోయింది. లోపల తీగ ఎచ్చబడి వంకరైపోయింది."

"అయితే శౌరన్నయ్య సెవులు?"

"ఆడి సెవులకేటి. ఎలగున్నాయో అలగే ఉన్నాయి."

కొత్త కెపాసిటరు వేసి అతికించాడు. డబ్బా ఇప్పుడు బాగైంది. హెడ్‌ఫోన్ మాత్రం అలాగే పెట్టాడు.

"సెప్పాలి గదా అన్నయ్యా," అన్నాను.

"ఏటని సెప్పాలి? హాలు నిండా జనం ముందర అన్నాను, నా డబ్బా పాడుసేయదని. ఇప్పుడు హథ్‌ఖోజ్ సుత్తోడి ముందర తలొంచుకోవాలా?" ఆయన గొంతు పెంచలేదు, పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నట్టు మామూలుగానే అన్నాడు. "ఇయాల కాకపోతే పైయేడు ఎలాగూ పోతాయి ఆడి సెవులు. డైసీ, గుడ్‌ఫ్రైడేకి మరియమ్మ శోకం మీ ఏంజెలా పాడితే బాగుంటదని మా ఇమ్మాను అంటన్నాడు. ఏడిసేది తల్లి గదా. ఆడగొంతు ఉండాలి."

నేను వంటింట్లోకి వెళ్లి రసానికి పోపు పెట్టాను.

నిజం చెబుతున్నాను, ఆ పోపు వేగేలోపే నేను ఒప్పేసుకున్నాను. ఏంజెలాకు పంతొమ్మిదేళ్లు, మంచి గొంతు. కానీ వంటమనిషి కూతురని ఎప్పుడూ వెనక వరసలోనే పెట్టేవాళ్లు. ముందుకు రమ్మని ఎవరూ అనలేదు. ఇప్పుడు ప్లాంటు మనిషి అన్నాడు.

గుడ్‌ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందురోజు సాయంత్రం శౌరన్నయ్యకు పరీక్ష పెట్టారు. ఇమ్మాను మూడు మెట్లు నొక్కుతాడు, హెడ్‌ఫోన్‌లో విని ఆయన పట్టుకోవాలి. మూడూ పట్టుకుంటే గుడ్‌ఫ్రైడేకి ఆయనే. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు చేతులతో చెవులకు అదుముకున్నాడు.

మొదటిది తప్పింది. రెండోది ఇంకా తప్పింది. మూడోదానికి చాలాసేపు తల వంచుకుని విని, మెల్లిగా తీశాడు. అది ఎక్కడికో పోయింది. ఇమ్మాను మైకు దగ్గరికి లాక్కుని, అచ్చం శౌరన్నయ్య గొంతుతో, అదే తప్పు స్వరం సాగదీసి పాడాడు. హాలంతా పడీపడీ నవ్వింది. శౌరన్నయ్య అందరి ముఖాలూ చూసి, అలవాటుగా తనూ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

హెడ్‌ఫోన్ తీసి, వైరు మడతలు పడకుండా చుట్టాడు.

"సాలు బాబూ. నా సెవులు పోనాయి."

"నేను ముందే సెప్పినాను గదరా," అని విన్సెంటన్నయ్య ఆయన భుజం తట్టాడు. "నీ తప్పేటుంది. దేవుడిచ్చిన కాలం అంతే."

"అవునన్నయ్యా. నీ డబ్బా ఉండబట్టి ఈ నాలుగు నెల్లయినా పాడినాను."

పాట ఏంజెలాకు ఇస్తున్నామని చెప్పారు. ఆయన మా పిల్ల వైపు చూశాడు. అడ్డు చెబుతాడేమో అనుకున్నాను. "నాన్న పాట అది. కాయితం మీద లేదు. నేనొచ్చి నేర్పుతాను పాపా," అన్నాడు.

సోమవారం నుంచి రోజూ షిఫ్టు దిగి, ముఖాన మసి కడుక్కుని మా ఇంటికి వచ్చేవాడు. ఏంజెలాకు తెలుగు అక్షరాలు రావు, హిందీలో రాసుకునేది. తన గొంతు మీద దాని వేళ్లు పెట్టించుకుని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వణికించాలో నేర్పాడు. మా ఇంట్లో కీబోర్డు లేదు, హెడ్‌ఫోన్ లేదు. తోడు లేకుండా ఆయన ఒక్కడే పాడుతుంటే ఎక్కడా వంకర లేదు. మొదటినుంచి చివరిదాకా దారం లాగినట్టు వచ్చింది.

"మమ్మీ, మావయ్య కిత్నా సుర్‌లో ఉన్నాడు," అంది ఏంజెలా.

"టీ పెడతాను," అని నేను లేచిపోయాను.

గుడ్‌ఫ్రైడే నాడు ఏంజెలా పాడింది. హాల్లో ఏడవని ఆడది లేదు. శౌరన్నయ్య వెనక గోడకు ఆనుకుని దాని పెదవులే చూస్తూ నిలబడ్డాడు. అయ్యాక దగ్గరికి వచ్చి, "మూడో సరణంలో ఊపిరి తొందరగా తీసినావు. భుజాలు లేసినాయి. మిగతాదంతా బాగుంది," అన్నాడు.

ఈస్టరు నాడు హాలు బీరువాలోంచి హెడ్‌ఫోన్ తీయించుకుని ఏంజెలా చేతిలో పెట్టాడు.

"నాకేటికి పాపా. పాటలు ఇనుకో. బాగా తుడిసినాను, భయపడకు."

సోమవారం అది ఫోనుకు తగిలించుకుంది. ఒక్క నిమిషంలో తీసేసింది.

"మమ్మీ, ఇది ఖరాబ్ హై. మొత్తం ఫటా హువా ఆవాజ్, పగిలినట్టుంది. ఇది పెట్టుకుంటే నాకే సుర్ దొరకదు." అలా అంటూనే దాని ముఖం మారిపోయింది. "మావయ్య చెవులు ఠీక్ హై. అది హెడ్‌ఫోన్ తప్పు."

"ఒగ్గేయ్," అన్నాను. "అయిపోయిన దానికి ఇప్పుడెందుకు."

"ఎలా ఒగ్గేయాలి?"

శనివారం ప్రాక్టీసుకు హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకుని వచ్చింది. శౌరన్నయ్య ఒక మూల బెంచీలు సర్దుతున్నాడు. నేను వెనకాల పరుగెత్తుతూనే ఉన్నాను, అది తిన్నగా ఆయన కుడి చెవి దగ్గరికి వెళ్లి అరిచింది.

"మావయ్యా, నీ సెవులు బాగున్నాయి. ఇది పాడైంది. డబ్బా పాడుచేసింది."

హాలు మొత్తం తిరిగి చూసింది. శౌరన్నయ్య హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. విన్సెంటన్నయ్య దగ్గరికి నడిచి వెళ్లాడు.

"అన్నయ్యా. ఈ డబ్బా దీన్ని పాడుసేసిందా?"

ఆయన గొంతు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. ఆ రోజు మెల్లిగా వచ్చింది. అవును అంటే చాలు, ముందు వరస, పాట, పరువు అన్నీ ఆయనకు వెనక్కి వచ్చేవి.

విన్సెంటన్నయ్య ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఆదివారం నువ్వు ఇచ్చినప్పుడు బాగుంది గదరా. పిల్ల కింద పడేసుంటది." నా వైపు తిరిగాడు. "ఏం డైసీ?"

అందరూ నన్ను చూశారు. ఏంజెలా కూడా చూసింది. అమ్మ ఎందుకు ఇంతసేపు తీసుకుంటోంది అన్నట్టు చూసింది.

"అవును," అన్నాను. "మంచం మీంచి పడేసింది. నేను సూసినాను."

ఏంజెలా నోరు తెరిచింది. నేను కళ్లతో వద్దన్నాను. అది ఒకసారి విన్సెంటన్నయ్యను చూసింది, ఒకసారి ముందు వరసలో తన కోసం పెట్టిన మైకును చూసింది. తల వంచుకుంది.

"సారీ మావయ్యా," అంది.

శౌరన్నయ్యకు మాట అందలేదు, పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. దాని నెత్తి మీద చెయ్యి వేశాడు.

"ఏడవకు పాపా. వస్తువు పోతే పోయింది. నేను మీ అత్తకి సెప్పను." తరవాత విన్సెంటన్నయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఒక్క సెనం నిన్ను అనుమానించినాను అన్నయ్యా. ఏటనుకోకు."

"పర్వానేదురా," అన్నాడు విన్సెంటన్నయ్య.

"చలో, స్టార్ట్ కర్తే హై," అన్నాడు ఇమ్మాను.

ఏంజెలా రెండు రోజులు నేను వండింది తినలేదు. మూడో రోజు తింది. ఇప్పుడది ముందు వరసలోనే పాడుతోంది. శౌరన్నయ్య ఇంకా హథ్‌ఖోజ్ వెళ్తున్నాడు. ఆదివారం వచ్చి బెంచీలు వేస్తాడు, పూజ అయ్యాక తీస్తాడు. పాటప్పుడు నోరు కదపడు.

ఈ ఏడు తపస్సు కాలంలో పక్క ఊరు కుమ్హారిలో తెలుగు కుటుంబాలవాళ్లు మరియమ్మ శోకం పాడమని ఏంజెలాను పిలిచారు. శౌరన్నయ్య కూడా మాతో ఆటోలో వచ్చాడు, పిల్లకు ధైర్యంగా ఉంటుందని. దారిలో ఆటో అబ్బాయికి హిందీలో ఒకటే చెప్పడం, ఈ పిల్ల పాడబోయేది మా నాన్న పాట అని. తరవాత నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"సూసినావా డైసీ. నా సెవులు పోకపోతే పాపకి ఈ పాట వచ్చీదా? దేవుడు ఏది సేసినా దానికో లెక్కుంటది."

ఏంజెలా ఆటో బయటికి ముఖం తిప్పుకుని రోడ్డు చూస్తోంది. ఆయన నా జవాబు కోసం కుడి చెవి ముందుకు వంచాడు.

"అవునన్నయ్యా," అన్నాను, ఆయనకు వినపడేంత గట్టిగా.